మా మిద్దె మీది జైతూన్ వంశం

మా మిద్దె తోటలో తూర్పు పిట్టగోడ వారన, పారిజాతం కుండీని ఆనుకొని, ఒక ఆలివ్ మొక్క ఉంది. 2017 వానాకాలంలో నగర శివారులోని ఒక నర్సరీలో కొన్నాను. "స్పెయిన్ రకం సార్, మూడేళ్లలో కాపుకొస్తుంది" అని అమ్మిన పెద్దమనిషి భరోసా ఇచ్చారు. ఇప్పుడది నా భుజం దాటి ఎదిగింది. ఆకు పైవైపు బూడిద కలిసిన ఆకుపచ్చగా, అడుగువైపు వెండి రజను అద్దినట్టుగా చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఇన్నేళ్లలో ఒక్క పూగుత్తి కూడా వేయలేదు. ఎరువు మార్చాను, కుండీ మార్చాను, నల్లగొండ రైతులు బత్తాయిని బెట్టకు తెచ్చినట్టు నీళ్లు ఆపి చూశాను. ఆకులు రాలి మళ్లీ చిగిర్చాయే తప్ప మొగ్గ మాత్రం తొడగలేదు.

తప్పు మొక్కది కాదని తరువాత చదివితే తెలిసింది. ఆలివ్ పూమొగ్గ కట్టాలంటే చలికాలంలో వారాల తరబడి చల్లదనం తగలాలి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు కొన్ని పన్నెండు డిగ్రీలకు దిగినా, పొద్దున పదింటికల్లా మిద్దె మీద ఎండ చురుక్కుమంటుంది కనుక ఆ చెట్టు లెక్కలో అది చలికాలమే కాదు. ఒకవేళ పూసినా ఒంటరి చెట్టు కాయడం కష్టం. ఆలివ్‌లో ఒక చెట్టు పుప్పొడి అదే చెట్టు పూవు మీద పడితే చాలావరకు పిందె కట్టదు. దీని వెనుక ఉన్న ఏర్పాటును 2017లోనే ఒక పరిశోధన విప్పి చెప్పింది: ఆలివ్ చెట్లన్నీ రెండే వర్గాలు, ఒక వర్గపు పుప్పొడి రెండో వర్గపు పూవులో మాత్రమే ఫలిస్తుంది. మన మాటల్లో చెప్పాలంటే ఆ వంశంలో గోత్రాలు రెండే, సగోత్రం పనికిరాదు. కొమ్మ నాటి పెంచిన రకం వేల ఎకరాల్లో ఉన్నా అదంతా ఒకే చెట్టు కనుక ఒకే గోత్రం. అందుకే మధ్యధరా ప్రాంతపు రైతులు తోటలో మరో రకం చెట్లు కలుపుతారు. కలపని చోట గాలి మోసుకొచ్చే పుప్పొడే దిక్కు, ఆ గాలిలో చుట్టుపక్కల కొండల మీది అడవి ఆలివ్ పుప్పొడి కూడా ఉంటుంది. నేను ఈ వంశ చరిత్రలోకి దిగింది ఇక్కడి నుంచే.

ఈ నగరంలో ఆ చెట్టుకు మూడు పేర్లున్నాయి. సూపర్‌మార్కెట్ సీసా మీద అది ఆలివ్. పాతబస్తీ యునానీ మందుల కొట్లలో జైతూన్. మా పక్కింటి ఖాలా తన మనవడికి ఒళ్లు పట్టేది జైతూన్ నూనెతోనే. సికింద్రాబాద్ చర్చిలలో ఒలీవ. అడవి ఒలీవను, మంచి ఒలీవను తెలుగువారు మొదట విడివిడిగా విన్నది బహుశా పౌలు రోమీయులకు రాసిన పత్రికలోనే అయి ఉంటుంది. అక్కడ ఆయన అడవి కొమ్మను మంచి చెట్టుకు అంటు కట్టడం గురించి చెబుతాడు. రైతు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు: అడవి మొక్క వేరు మీద మంచి కొమ్మ కడతాడు. ఇది స్వభావ విరుద్ధమని పౌలే అంటాడు కనుక, అంటు సంగతి తెలియక రాశాడని ఆయనను తప్పుపట్టడం తగదని నా అభిప్రాయం.

మన ఇంటి ముంగిట ఈ చెట్టుకు చుట్టాలున్నారు. మల్లె, జాజి, పారిజాతం అన్నీ ఆలివ్ కుటుంబానివే. ఈ మాట చదివిన మర్నాడు తెల్లవారుజామున రాలిన పారిజాతాన్ని ఒకటి తీసుకొని, కాషాయరంగు కాడను గోటితో నిలువునా చీల్చాను. గొట్టం మూతి దగ్గర, రేకులు విచ్చుకునే చోట, ఎదురెదురుగా అతుక్కొని రెండే రెండు కేసరాలు ఉన్నాయి. రేకులు ఆరో ఏడో ఉన్నా కేసరాలు రెండే. ఒంటిరేకు జాజిలో చూసినా అంతే, ఆలివ్ పూవులోనూ అంతే. దేవుడి గదిలో రోజూ పెట్టే పూవుకు, పరాయి దేశపు నూనె సీసాకు ఇంత దగ్గరి చుట్టరికం ఉందని నాకు అంతవరకు తెలియదు.

ఆలివ్ జాతి శాస్త్రీయ నామం ఒలియా యూరోపియా. దీనిలో ఆరు ఉపజాతులను గుర్తించారు. తోటలలో పెంచేది, మధ్యధరా సముద్రం చుట్టూ అడవిలో పెరిగేది, రెండూ ఒకే ఉపజాతికి చెందిన రెండు రూపాలు. రెండింటికీ క్రోమోజోములు 46. మిగిలిన అయిదింటిలో ఒకటి కనరీ దీవులలో, ఒకటి మదీరా దీవిలో, ఒకటి మొరాకోలో ఉంటాయి. మదీరా చెట్టు కణాల్లో క్రోమోజోముల జట్లు రెండుకు బదులు నాలుగు, మొరాకో చెట్టులో ఏకంగా ఆరు. ఇంకొకటి సహారా ఎడారి నడుమ అహగ్గార్ వంటి ఎత్తైన కొండల మీద, చుట్టూ ఇసుక సముద్రంలా ఉండగా, దీవిలో చిక్కుకున్నట్టు బతుకుతున్నది. ఆరోది మన దేశానికీ చెందినదే. ఆఫ్రికా దక్షిణ కొస నుంచి అరేబియా, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా వాయవ్య హిమాలయాల దాకా, ఆపైన చైనా నైరుతి దాకా వ్యాపించిన ఈ ఉపజాతిని హిమాచల్, జమ్మూ ప్రాంతాల్లో కహూ అంటారు. పెద్దగా నూనె లేని చిన్న నల్లకాయ కాస్తుంది, కట్టె గట్టిగా ఉంటుంది. దీనినే ఆస్ట్రేలియాకు, హవాయికి తీసుకెళితే అక్కడ కలుపు చెట్టై కూర్చుంది.

మధ్యధరా అడవి ఆలివ్‌కు కాయ చిన్నది, కండ పలచన, నూనె తక్కువ. లేత వయసులో కొమ్మలు ముళ్లలా బిరుసెక్కి ఉంటాయి. దీని గింజను మోసేవి పిట్టలు. నల్లతల వార్బ్లర్ వంటి చిన్న పిట్టలు అడవి కాయను టెంకతో సహా మింగి దూరాన విసర్జిస్తాయి. తోట కాయ ఆ పిట్ట నోటికి పెద్దది కనుక కండను పొడుచుకు తిని వదిలేస్తుంది. కండ కోసం మనిషి కాయను పెంచిన కొద్దీ ఆ చెట్టు పిట్టకు దూరమై మనిషి చేతికి చిక్కిందన్నమాట.

మనిషి చేతిలో అది పెరిగేది గింజతో కాదు. మామిడి తెలిసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. టెంక పాతితే వచ్చిన చెట్టు తల్లిలా కాయదు. పుల్లదో తియ్యదో, పీచుదో కండదో కాసేదాకా తెలియదు. బంగినపల్లి కావాలంటే బంగినపల్లి కొమ్మతోనే అంటు కట్టాలి. ఆలివ్ కూడా అంతే. టెంక మొక్క పూతకు రావడానికి పదేళ్లకు పైగా పట్టవచ్చు. కొమ్మ నాటినా, మొదలు దగ్గర లేచే బుడిపెను కోసి పాతినా అంతకంటే చాలా ముందే కాస్తుంది, తల్లి కాయే కాస్తుంది. ఈ కిటుకు పట్టుబడిన తరువాత రైతుకు విత్తనంతో పనిలేకపోయింది. ఆంధ్ర నుంచి తెలంగాణ దాకా ఉన్న బంగినపల్లి తోటలన్నీ ఎప్పుడో ఎవరి పెరటిలోనో మొలిచిన ఒక టెంక చెట్టు కొమ్మలే అయినట్టు, స్పెయిన్‌లో అర్బెక్వినా అనే రకం, గ్రీసులో కొరొనైకీ అనే రకం, ఒక్కొక్కటీ ఒక్క చెట్టు. ఆ మొదటి చెట్టు ఎప్పుడో పోయి ఉండవచ్చు. దాని శరీరం మాత్రం లక్షల ముక్కలుగా బతికే ఉంది.

ఆ మొదటి చెట్లు ఎక్కడివి? ఇజ్రాయెల్‌లోని హైఫా దగ్గర, ఇప్పుడు సముద్రంలో మునిగిపోయిన కఫర్ సమీర్ అనే పాత ఊరి గుంతలలో, నలగగొట్టిన ఆలివ్ టెంకలు, పిప్పి దొరికాయి. సుమారు 7,000 ఏళ్ల నాటివి. అవి నూనె తీశారనడానికి సాక్ష్యమే తప్ప చెట్టును పెంచారనడానికి కాదు, ఎందుకంటే అడవి కాయను కూడా నలగగొట్టి నూనె తీయవచ్చు. జోర్డాన్ లోయలోని తెల్ త్సాఫ్‌లో దొరికిన బొగ్గు దీనికంటే బలమైన సాక్ష్యం. ఆ లోయలో ఆలివ్ తనంత తాను పెరగదు. అయినా దాదాపు అంతే పాత పొయ్యి బొగ్గులో ఆలివ్ కట్టె ఉందని 2022లో ప్రకటించారు. అంటే ఎవరో తెచ్చి నాటారు, కత్తిరించారు, ఆ కొమ్మలను పొయ్యిలో పెట్టారు. రాజుల శాసనాల కంటే ఇలాంటి వంటింటి బూడిద మీదనే నాకు నమ్మకం ఎక్కువ.

డీఎన్ఏ చెప్పేది ఇంకొంచెం లోతైన కథ. ఆకులోని హరితరేణువులకు సొంత డీఎన్ఏ ఉంటుంది, ఆలివ్‌లో అది తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వస్తుంది. కణకేంద్రకంలోని డీఎన్ఏ తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది. గియోమ్ బెనార్ అనే పరిశోధకుడి బృందం మధ్యధరా అంతటా వెయ్యికి పైగా అడవి, తోట చెట్ల హరితరేణువులను పోల్చి 2013లో ఒక వ్యాసం ప్రచురించింది. హిమయుగాలలో ఆలివ్ మూడు చోట్ల తలదాచుకుని బతికిందని అందులో తేలింది: పశ్చిమాసియా తీరం, ఏజియన్ ప్రాంతం, జిబ్రాల్టర్ జలసంధి పరిసరాలు. వేల ఏళ్లు విడివిడిగా ఉండటం వల్ల తూర్పు తల్లుల గుర్తులు వేరు, పడమటి తల్లుల గుర్తులు వేరు అయ్యాయి. అడవి చెట్లను చూస్తే ఈ తేడా ఇప్పటికీ కనిపిస్తుంది. తోటలోకి వస్తే మాత్రం, పడమట స్పెయిన్ దాకా చాలా ఎక్కువ రకాలలో ఉన్నది తూర్పు తల్లి గుర్తే. సిరియా, టర్కీ సరిహద్దు ప్రాంతాన్ని మొదటి పుట్టినిల్లుగా ఆ బృందం భావించింది.

కేంద్రకపు డీఎన్ఏను చూస్తే బొమ్మ మారుతుంది. తల్లి తూర్పుదే అయినా పడమటి రకాలలో పడమటి అడవి చెట్ల రక్తం కలిసి ఉంది. ఓడలెక్కి వచ్చిన తూర్పు కొమ్మ కొత్త ఊరిలో నాటుకుంది, దాని పూవు మీద అక్కడి కొండ చెట్టు పుప్పొడి పడింది, ఆ టెంక కంచె వారన మొలిచింది, అది మంచి కాయ కాసింది, ఒక రైతు దాని కొమ్మ కోసి నాటాడు. ఎక్కడికక్కడ ఇదే జరిగింది. పుట్టింటి నుంచి వచ్చింది కోడలే అయినా బిడ్డల ముక్కు, రంగు ఆ ఊరివే. కనుక ఆలివ్ ఒక చోట పుట్టి అంతటా వ్యాపించిందన్న మాట నిజమే, ఊరూరా మళ్లీ పుట్టిందన్న మాటా నిజమే. ఈ రెండిటిలో ఒకదానినే పట్టుకొని వాదించేవారు ఒకే రకం డీఎన్ఏను చూస్తున్నారని నాకు అనిపిస్తుంది.

చదవకముందు నేనొక అంచనాలో ఉండేవాడిని: అడవిలో వైవిధ్యం మెండు, తోటలో కొరత. వేల తరాలు విత్తనం ఏరి విత్తిన వరి, గోధుమల వంటి పంటల్లో ఇలా జరిగింది. ఆలివ్‌లో కొలిచి చూస్తే తోట రకాల జన్యు వైవిధ్యం అడవి చెట్లకు పెద్దగా తీసిపోలేదు. మొదట వింతగా తోచినా కారణం తేలికే. సగోత్రం పనికిరాదు కనుక ప్రతి రకమూ రెండు వేర్వేరు చెట్ల సంతానం, దాని ప్రతి కణంలోనూ ఆ రెండు వంశాల ప్రతులు పక్కపక్కన ఉంటాయి. కొమ్మతో పెంచినప్పుడు ఆ జంట చెదరదు. పైగా ఈ చెట్టుకు, అడవిలోని పూర్వీకులకు మధ్య గడిచినవి వేల ఏళ్లే అయినా టెంక తరాలు కొన్నే. వెయ్యేళ్ల చెట్టు ఇంకా కాస్తుంటే తరం మారేదెప్పుడు? 2016లో ఆలివ్ జన్యుక్రమాన్ని మొదటిసారి పూర్తిగా చదివింది కూడా స్పెయిన్‌లోని ఫర్గా అనే రకానికి చెందిన, వెయ్యేళ్లు దాటిన ఒక చెట్టు ఆకు నుంచే. దానిలో 131 కోట్ల అక్షరాలు, సుమారు 56,000 జన్యువులు లెక్క తేలాయి. మరుసటి ఏడాదే టర్కీ అడవి ఆలివ్ జన్యుక్రమం కూడా వచ్చింది.

అయితే ఈ కొలత గురించి ఒక మాట చెప్పాలి. వైవిధ్యాన్ని కొలిచేవారు సాధారణంగా జన్యు నిధులలోని, అంటే రకాలను సేకరించి కాపాడే తోటలలోని, చెట్లను తీసుకుంటారు, అక్కడ రకానికి ఒకటో రెండో చెట్లే ఉంటాయి. వంద గజాల కొండ వాలులో మాత్రమే మిగిలిన రకానికీ, లక్ష ఎకరాలలో ఉన్న రకానికీ అక్కడ విలువ సమానం. ఇళ్ల లెక్క తీసి జనాభా ఇంత అన్నట్టుగా ఉంటుంది ఆ కొలత.

ఆ నిధులలోని పేర్ల గజిబిజి కూడా తక్కువది కాదు. మన చెరకు రసం, పెద్ద రసం, చిన్న రసం ఊరు దాటితే పేర్లు మారినట్టే, ఒకే ఆలివ్ చెట్టుకు పది పేర్లు, పది చెట్లకు ఒకే పేరు. 1970లో మొదలైన స్పెయిన్‌లోని కోర్డోబా జన్యు నిధిలో 499 నమోదులను డీఎన్ఏ గుర్తులతో, టెంక రూపంతో పోల్చి చూసి 332 రకాలేనని 2014లో తేల్చారు. డీఎన్ఏ వచ్చాక కూడా టెంకను వదలకపోవడం నాకు ఎంతో నచ్చింది. ఆకు పరిమాణం నీటిని బట్టి మారుతుంది, కాయ పరిమాణం కాపును బట్టి మారుతుంది, టెంక మీది చెక్కడం మాత్రం ఒకే రకంలో అంత సులువుగా మారదు. సీసాలో ఉప్పునీటి కాయలు కొన్నప్పుడు టెంకలను కడిగి దాచడం నాకు అలవాటైంది. రెండు సీసాలలోని టెంకలు పక్కపక్కన పెడితే తేడా కంటికి తెలుస్తుంది: ఒకటి రెండు కొసలా మొనదేలి కొంచెం వంపు తిరిగి, మొదలు నుంచి పైకి పాకిన గాడులు లోతుగా ఉంటే, మరొకటి పొట్టిగా, గుండ్రంగా, దాదాపు నున్నగా ఉంది. ఆ గాడులు కాయకు ఆహారం మోసిన నాళాల దారులు. ఎన్ని గాడులు, మొన దగ్గర ముల్లు ఉందా లేదా, ఒకవైపు ఉబ్బెత్తా కాదా అని నిపుణులు చూస్తారు. వాటిని మొలిపించాలని కూడా ప్రయత్నించాను. ఊరగాయలోని టెంక మొలుస్తుందా అని ఇంట్లోవాళ్లు నవ్వారు. మొలవలేదు.

అడవిది, తోటది అని ఇంతసేపూ తేలికగా రాస్తున్నాను కానీ, చెట్టు ముందు నిలబడి చెప్పడం తేలిక కాదు. తోట కాయ ఏ పిట్ట ముక్కునో పడి కొండ మీద మొలిస్తే, అది తోట బిడ్డే అయినా కొమ్మలు ముళ్లు తేలి, కాయ చిన్నదై అడవి చెట్టులాగే కనిపిస్తుంది. మూడు వేల ఏళ్లుగా తోటలున్న దేశంలో అడవి చెట్లుగా లెక్కించినవాటిలో ఎన్ని ఇలా తోట దాటి వచ్చినవో డీఎన్ఏ చూస్తే తప్ప తేలదు. అచ్చమైన అడవి ఆలివ్‌ను కాపాడాలంటే మొదట దానిని పోల్చుకోవాలి. పుప్పొడి గాలిలో ఇటూ అటూ తిరుగుతూనే ఉంటుంది కనుక, పెద్ద తోటల నడుమ మిగిలిన చిన్న అడవి ముక్కలలో ఆ అచ్చదనం తరం తరానికీ పలచబడుతుంది.

మరోవైపు తోటలు ఇరుకవుతున్నాయి. ఇప్పుడు ఆలివ్‌ను కంచెలా వరుసలుగా, ఎకరాకు ఆరు వందలకు పైగా మొక్కలతో పెంచి, వరుస మీదుగా నడిచే యంత్రంతో కాయ రాల్చే పద్ధతి వచ్చింది. దానికి పొట్టిగా, త్వరగా కాపుకొచ్చే చెట్టు కావాలి. అర్బెక్వినా, అర్బొసానా, కొరొనైకీ వంటి కొద్ది రకాలే అందుకు ఒదుగుతాయి. జన్యు నిధిలో వందల పేర్లు భద్రంగానే ఉంటాయి; కొత్తగా నాటే నేలలో మాత్రం ఈ వేళ్ల మీద లెక్కించదగ్గ చెట్లే.

కొద్ది రకాల మీదే ఆధారపడితే ఫలితం ఎలా ఉంటుందో ఇటలీ మడమలాంటి పూల్యా ప్రాంతంలో తెలిసింది. చెట్టులో నీరు మోసే నాళాలను పూడ్చే జైలెల్లా ఫాస్టిడియోసా అనే బాక్టీరియా అక్కడ 2013లో బయటపడింది. రసం పీల్చే ఒక చిన్న నురుగు పురుగు దానిని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. అక్కడి తోటలన్నీ దాదాపు రెండు స్థానిక రకాలతో నిండి ఉండటం, ఆ రెండూ దానికి తట్టుకోలేకపోవడం వల్ల లక్షల కొద్దీ చెట్లు, వాటిలో తాతల ముత్తాతల నాటివి కూడా, నిలువునా ఎండిపోయాయి. లెచ్చీనో అనే రకం, ఫావొలోసా అనే మరో రకం తట్టుకున్నాయి. ఇప్పుడు పరిశోధకులు ఎండిన తోటల కంచెల వారన తమంత తాము మొలిచిన టెంక మొక్కలను, అడవి ఆలివ్‌లను వెతికి, రోగం మధ్యలో పచ్చగా నిలిచినవాటిని ఏరుతున్నారు. వేరుకుళ్లులాగా నేల నుంచి వచ్చే వెర్టిసిలియం ఎండు తెగులుకు కూడా స్పెయిన్‌లో అడవి ఆలివ్ వేరుమొక్కలనే పరీక్షిస్తున్నారు.

ఇది మనకు దూరపు కథ కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థలో కందికి సంకరాలు తయారు చేయగలిగింది, తూర్పు కనుమల వైపు పెరిగే ఒక అడవి కంది జాతిలో సొంత పుప్పొడిని వంధ్యం చేసి వేరే మొక్క పుప్పొడికి చోటిచ్చే గుణం దొరికినందువల్లనే. అలా వచ్చిన సంకరమొకటి 2015లో మన్నెం కొండ కంది అనే పేరుతో తెలంగాణ రైతులకు అందింది. ఆలివ్‌కు ఇంకా ఆ స్థాయిలో అడవి నుంచి తెచ్చిన రకం లేదు. టెంక నుంచి కాయ చూడటానికి పట్టే ఏళ్లే అందుకు ప్రధాన కారణమని అనుకుంటాను. కొత్త రకాలను రూపొందించే ఒక శాస్త్రవేత్త ఉద్యోగంలో చేరి విరమించేలోగా చూడగలిగేది రెండు మూడు తరాలే.

మన దేశంలో, రాజస్థాన్‌లో ఆలివ్ సాగు 2007 తరువాత ఇజ్రాయెల్ సహకారంతో మొదలై, 2014లో బికనీర్ జిల్లా లూంకరన్‌సర్‌లో నూనె శుద్ధి కర్మాగారం దాకా వచ్చింది. అక్కడి ఎడారి రాత్రులు జనవరిలో గడ్డకట్టే దాకా చల్లబడతాయి కనుక చెట్టుకు కావలసిన చలి దొరుకుతుంది. నాటింది మాత్రం బర్నియా, అర్బెక్వినా, పికువాల్, కొరొనైకీ వంటి పరాయి కొమ్మలే. కహూ చెట్టు హిమాలయాలలో ఉండగా దాని వేరు మీద ఈ కొమ్మలను కట్టే పని మన దగ్గర ఎక్కువగా జరగాలని నాకు ఒక ఆశ.

మొన్న సంక్రాంతి తరువాత ఆ నర్సరీ వైపు వెళ్లినప్పుడు, నా మొక్క అసలు ఏ రకమని అడిగాను. కౌంటరు దగ్గర కుర్రవాడు ఫోనులో ఏదో వెతికి, "ఇది ఆలివే సార్, గ్యారంటీ" అన్నాడు. ఆలివేనన్న సంగతి ఆకు చూస్తేనే తెలుస్తున్నది. కాయ కాస్తే టెంక చూసి పోల్చవచ్చు, కాయాలంటే చలి కావాలి, చలి ఉన్నా రెండో గోత్రపు చెట్టు కావాలి. వానకు తడిసి అక్షరాలు పోయిన పాత చీటీని విప్పేసి, కొత్త రేకు ముక్క మీద మేకుతో గీసి కట్టాను: "జైతూన్. 2017. రకం తెలియదు."